శాంతి ఒప్పందం తరువాత కొలంబియాలో హక్కుల కార్యకర్తలకు రక్షణ ఎందుకు కరువైంది?

ప్రశ్న: శ్రావణి

అందరికీ నమస్కారం. నేను రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. సాయుధ పోరాటం నుంచి బయటపడుతున్న దేశాల్లో మానవ హక్కుల కోసం పనిచేసేవారి ప్రాణాలను ఎలా కాపాడుతున్నారన్న విషయం మీద ప్రాజెక్టు రాస్తూ, కొలంబియాను ఉదాహరణగా తీసుకున్నాను. 2016 నవంబరు 24న ఆ దేశ ప్రభుత్వానికీ ఫార్క్ గెరిల్లాలకూ మధ్య తుది ఒప్పందం కుదిరింది, గెరిల్లాలు ఆయుధాలు అప్పగించారు, యాభై ఏళ్లు దాటిన యుద్ధం ముగిసిందని ప్రపంచమంతా సంతోషించింది. కానీ ఆ తరువాతి సంవత్సరాల లెక్కలు చూస్తే గుండె బరువెక్కుతోంది. 2022 ఒక్క ఏడాదిలో 215 మంది సామాజిక నాయకులు, హక్కుల కార్యకర్తలు హత్యకు గురయ్యారని అక్కడి ప్రజల హక్కుల పరిరక్షణ కోసం రాజ్యాంగం ఏర్పాటు చేసిన ‘డిఫెన్సోరియా’ అనే సంస్థ చెబుతోంది. 2023లో ఆ సంఖ్య 181.

నాకు అర్థం కానివి రెండు విషయాలు. మొదటిది, తుపాకులు దించిన తరువాత హత్యలు తగ్గాలి కదా, ఊరి పెద్దల్లాంటి మామూలు మనుషులను ఇంతగా ఎందుకు వేటాడుతున్నారు? రెండవది, కార్యకర్తలను కాపాడడానికే ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ విభాగాన్ని పెట్టి, గన్‌మెన్‌నూ బుల్లెట్ ప్రూఫ్ వాహనాలనూ ఇస్తున్న దేశం ప్రపంచంలో చాలా అరుదు, అయినా ఫలితం ఎందుకు కనిపించడం లేదు? ఇంకో చిన్న సందేహం కూడా ఉంది. 2022కే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 116 హత్యలనే చెబుతోంది, ఏ సంఖ్యను వాడాలో తెలియడం లేదు. తెలిసినవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: వేణుగోపాల్

శ్రావణి గారూ, నేను ఉద్యోగరీత్యా నాలుగేళ్లు బొగోటాలో ఉన్నాను. స్పానిష్ నేర్చుకున్న తరువాత సెలవు రోజుల్లో ఒక సహాయ సంస్థకు పత్రాలు అనువదించి పెట్టేవాడిని, అందువల్ల ఈ విషయం కొంత దగ్గరగా చూశాను.

ముందు సంఖ్యల సంగతి చెబుతాను. ఐక్యరాజ్యసమితి కార్యాలయం ప్రతి హత్యనూ విడిగా విచారించి, చనిపోయిన వ్యక్తి హక్కుల కోసం పనిచేశారనీ, ఆ పనికీ హత్యకూ సంబంధం ఉందనీ తేలినప్పుడే లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే వారి సంఖ్య తక్కువగా ఉంటుంది. డిఫెన్సోరియాకు జిల్లాల్లో మనుషులున్నారు కనుక వారికి అందే సమాచారం ఎక్కువ, వారి నిర్వచనం కూడా విశాలం. మీ ప్రాజెక్టులో రెండూ ఇచ్చి, ఏది ఎవరి లెక్కో రాయండి. ఒకే సంఖ్య పట్టుకుంటే, ప్రభుత్వంలో ఉన్నవారు తక్కువ సంఖ్యనూ విమర్శకులు ఎక్కువ సంఖ్యనూ చూపుతూ వాదించుకునే గొడవలో మీరూ చిక్కుకుంటారు.

ఇక అసలు విషయం. ఫార్క్ దళాలు దశాబ్దాల పాటు పట్టు నిలుపుకున్న ప్రాంతాలన్నీ అడవులు, నదీ తీరాలు, కొకెయిన్ తయారీకి వాడే కోకా పండే కొండవాలులు. వారు ఆయుధాలు అప్పగించి వెళ్లిపోయిన రోజున ఆ ఖాళీలోకి ప్రభుత్వం రావాలి. రోడ్డు, బడి, కోర్టు, పోలీసు స్టేషను, భూమి పట్టాలు ఇచ్చే కార్యాలయం, ఇవన్నీ రావాలి. అవి వచ్చేలోపే ఈఎల్ఎన్ అనే మరో గెరిల్లా దళం, పారామిలటరీల (అక్కడ ఆ మాటకు గెరిల్లాలకు వ్యతిరేకంగా పుట్టిన ప్రైవేటు సాయుధ దళాలని అర్థం) సంతతికి చెందిన క్లాన్ డెల్ గోల్ఫో అనే ముఠా, ఒప్పందాన్ని ఒప్పుకోని ఫార్క్ చీలికవర్గాలు అక్కడికి చేరాయి. వెనుకటి రోజుల్లో ఊరివారికి ఒకే తుపాకీ కింద ఎలా బతకాలో తెలుసు. ఇప్పుడు మూడు తుపాకుల మధ్య ఎవరితో మాట్లాడినా మూడో వారికి శత్రువు కావలసి వస్తోంది.

రెండో కారణం ఒప్పందంలోనే ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ఆ ఒప్పందం భూసంస్కరణ చేస్తామని చెప్పింది, కోకా తోటలు స్వచ్ఛందంగా పీకేసిన రైతులకు ప్రత్యామ్నాయ పంటలకు సాయం చేస్తామని చెప్పింది. ఆ మాటను నమ్మి, ఊరివారిని కూడగట్టి, దరఖాస్తులు రాయించి, అధికారులను ఊళ్లోకి పిలిపించినవారే ఈ సామాజిక నాయకులు. కోకా తోట పోతే నష్టపోయేది మాదకద్రవ్యాల వ్యాపారి, భూమి అసలు యజమానికి తిరిగి వెళితే నష్టపోయేది యుద్ధకాలంలో దాన్ని ఆక్రమించుకున్నవాడు. అంటే, శాంతిని కాగితం మీది నుంచి నేల మీదికి దించే పని ఎవరు చేస్తున్నారో వారే గురి అయ్యారు.

ఒక ఉదాహరణ చెబుతాను. పసిఫిక్ తీరంలోని బ్వెనవెంతురా ఓడరేవు పట్టణంలో తెమిస్తోక్లెస్ మచాడో అనే నల్లజాతి పెద్దాయన ఉండేవారు, అందరూ ఆయనను ‘దోన్ తెమిస్’ అని పిలిచేవారు. ఓడరేవు విస్తరణతో ఆ పేటల నేలకు విలువ పెరిగినప్పుడు, ఈ స్థలం తాతల కాలం నుంచీ మాదేనని రుజువు చేసే కాగితాలను ఆయన ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా సేకరించి ఇంట్లో దాచారు. పటాలు, ఫిర్యాదులు, కోర్టు ఉత్తర్వులు, పాత రసీదులు అందులో ఉండేవి. 2017 మే, జూన్ నెలల్లో నీళ్లు, ఆసుపత్రి కావాలంటూ ఆ పట్టణమంతా మూడు వారాలు బంద్ పాటించినప్పుడు ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు. 2018 జనవరి 27న ఆయనను కాల్చి చంపారు. ఆయన దగ్గర ఉన్న ఆయుధం ఆ కాగితాల కట్ట ఒక్కటే.

మీ రెండో ప్రశ్నకు వస్తే, మీరు చెప్పిన విభాగం పేరు జాతీయ రక్షణ విభాగం, 2011లో ఏర్పడింది. బెదిరింపు వచ్చినవారు దరఖాస్తు పెడితే వారి ముప్పు ఎంతటిదో అంచనా వేస్తారు. సాధారణం కంటే ఎక్కువ అని తేలితే ఒక కమిటీ కూర్చుని ఏమి ఇవ్వాలో నిర్ణయిస్తుంది. ఒకరికి ఫోను, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్, ఇంకొకరికి గన్‌మెన్, ముప్పు మరీ ఎక్కువైతే వాహనం ఇస్తారు. ఇదంతా నగరంలో ఉండే జర్నలిస్టుకో న్యాయవాదికో పనికి వస్తుంది. కానీ పడవలో మూడు గంటలు వెళ్లి, ఆపై కంచరగాడిద మీద వెళ్లవలసిన ఊళ్లో ఉండే రైతు నాయకుడికి ఆ వాహనం ఎందుకు? సిగ్నల్ లేని లోయలో ఆ ఫోను ఎవరికి మోగుతుంది? తీరప్రాంతపు ఉక్కలో ఆ జాకెట్ వేసుకుని పొలంలో ఎవరైనా ఎంతసేపు నిలబడగలరు? వేసుకున్నవాడు ఊరందరికీ దూరం నుంచే కనిపిస్తాడు కూడా. నేను అనువదించిన ఒక విజ్ఞప్తిలో ఒక రైతు, తనకు జాకెట్ వద్దనీ, తమ వాగు మీద వంతెన వేస్తే రాత్రిపూట పిల్లలతో సహా పారిపోవడానికి వీలవుతుందనీ రాసుకున్నాడు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

జవాబు: రాఘవరావు, న్యాయవాది

అమ్మా శ్రావణీ, మంచి ప్రశ్న అడిగావు. వేణుగోపాల్ గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే రెండు మాటలు చేర్చాలి, ఒక మాట విభేదించాలి.

విభేదించేది ముందు చెబుతాను. గన్‌మెన్ వల్ల ఉపయోగం లేదన్న అభిప్రాయం నీ ప్రాజెక్టులో రాకుండా చూసుకో. ఫ్రాన్సియా మార్కేస్ అనే ఆమె కౌకా ప్రాంతంలో అక్రమ బంగారు తవ్వకాలకు వ్యతిరేకంగా పోరాడి 2018లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి అందుకున్నారు. 2019 మే 4న ఆమె తోటి నాయకులతో సమావేశమై ఉండగా గ్రెనేడ్లతో, తుపాకులతో దాడి జరిగింది. ఆమె గన్‌మెన్ ఇద్దరు ఎదురు నిలిచి గాయపడ్డారు, ఆమె బతికారు. మూడేళ్లు దాటగానే, 2022లో, ఆ దేశపు ఉపాధ్యక్షురాలయ్యారు. ఆ రోజున ఆ ఇద్దరూ లేకపోతే ఏమయ్యేదో ఊహించుకో. కనుక వ్యక్తిగత రక్షణ చాలదని అనవచ్చు, అక్కరలేదని మాత్రం అనకూడదు.

ఇక చేర్చవలసినవి. మొదటిది, రక్షణ ఇచ్చే చెయ్యి ఎవరిదన్న ప్రశ్న. ఇప్పటి విభాగం రాకముందు కొలంబియాలో కార్యకర్తలకు గన్‌మెన్‌ను ఇచ్చినది డీఏఎస్ అనే గూఢచార సంస్థ. అదే సంస్థ న్యాయమూర్తుల, జర్నలిస్టుల, హక్కుల కార్యకర్తల ఫోన్లు దొంగతనంగా విన్నదన్న విషయం 2009లో బయటపడి దేశమంతా అట్టుడికిపోయింది. దాని పూర్వ అధిపతి హోర్హె నొగేరాకు 2011లో సుప్రీంకోర్టు 25 ఏళ్ల శిక్ష వేసింది. ఆయన మీద రుజువైన నేరాల్లో, 2004లో బరాంకియా నగరంలో అల్ఫ్రెదో కొరెయా దె ఆంద్రెయిస్ అనే ప్రొఫెసరు హత్యలో పాత్ర ఒకటి. ఆ సంస్థను 2011లోనే రద్దు చేసి, రక్షణ బాధ్యతను కొత్త విభాగానికి అప్పగించారు. ఇది తెలిస్తేనే, కారు ముందు సీట్లో కూర్చున్న గన్‌మన్ తన మాటలు ఎవరికి చేరవేస్తున్నాడో అన్న అనుమానం అక్కడి కార్యకర్తలను ఈనాటికీ ఎందుకు వదలదో అర్థమవుతుంది. పోరాటం నుంచి బయటపడిన ఏ దేశంలోనైనా, నిన్నటి దాకా అనుమానించిన ప్రభుత్వం దగ్గరికే ఈ రోజు రక్షణ కోసం వెళ్లవలసి రావడం చాలా కష్టమైన విషయం. అందుకే గన్‌మెన్‌ను ఎంపిక చేసుకోవడంలో తమ మాట చెల్లాలని, తమకు నమ్మకమైన వారినే నియమించాలని కార్యకర్తల సంఘాలు పట్టుబడుతుంటాయి. అది న్యాయమైన కోరిక.

రెండవది శిక్ష. కాల్చినవాడు దొరుకుతాడు, కాల్చమన్నవాడు దొరకడు. అక్కడి ప్రాసిక్యూషన్ శాఖ ‘పురోగతి సాధించిన కేసులు’ అని చెప్పుకునే శాతం చూడడానికి బాగానే ఉంటుంది. అందులో ఎవరో ఒకరిని గుర్తించి వారెంటు తీసుకున్న కేసులు కూడా కలిసి ఉంటాయి. శిక్ష దాకా వెళ్లినవి, అందులోనూ సుపారీ ఇచ్చినవాడికి శిక్ష పడినవి ఎన్నో విడిగా అడిగితే సంఖ్య ఒక్కసారిగా పడిపోతుంది. నీ ప్రాజెక్టులో ఈ తేడాను తప్పక రాయి. నేను వరంగల్ వాడిని. పిల్లల వైద్యుడు, పౌరహక్కుల సంఘం నాయకుడు రామనాథం గారిని 1985 సెప్టెంబరులో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపినప్పుడు నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టాను. ఒక హత్య ఒక మనిషిని తీసుకుపోతుంది, ఆ కుర్చీలో కూర్చోవడానికి మరొకరు ముందుకు రావాలంటే కోర్టు ఏం చేస్తుందోనని ఊరంతా చూస్తుంది. మా పరిస్థితీ కొలంబియా పరిస్థితీ ఒకటి కావు, కానీ ఆ ఎదురుచూపు మాత్రం నాకు తెలుసు.

చట్టం వైపు నుంచి నువ్వు చదవవలసిన ముఖ్యమైన తీర్పు 2023 డిసెంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చినది. సామాజిక నాయకుల, హక్కుల కార్యకర్తల భద్రత విషయంలో దేశంలో ‘రాజ్యాంగ విరుద్ధ స్థితి’ నెలకొని ఉందని ప్రకటించింది. అంటే, తప్పు ఒక అధికారిదో ఒక కార్యాలయానిదో కాదనీ, అన్ని శాఖలూ కలిసి విఫలమయ్యాయనీ, కనుక అన్ని శాఖలూ కలిసి సరిదిద్దాలనీ అర్థం. వెయ్యి మంది వెయ్యి పిటిషన్లు వేసుకుని ఒక్కొక్కరుగా గన్‌మన్‌ను తెచ్చుకునే పద్ధతికి ఇది పూర్తిగా వేరైన ఆలోచన.

శ్రావణి

వేణుగోపాల్ గారికీ రాఘవరావు గారికీ కృతజ్ఞతలు. గన్‌మెన్ విషయంలో నేను నిజంగానే తొందరపడి రాసుకున్న పేరాను ఇప్పుడు మార్చుకుంటున్నాను. ఇంకొక్కటి అడగాలి. మారుమూల ఊళ్లకు వ్యక్తిగత రక్షణ పనికిరానప్పుడు అక్కడివారు తమను తాము ఎలా కాపాడుకుంటున్నారు? ఆదివాసీల ‘గార్డియా’ గురించి ఒక చోట చదివాను. తుపాకులు లేకుండా కర్రలతో కాపలా కాస్తారని ఉంది. అది నిజంగా పనిచేస్తుందా, లేక గౌరవం కొద్దీ అలా రాస్తారా?

జవాబు: వేణుగోపాల్

పనిచేస్తుంది, దానికి మూల్యం కూడా చెల్లిస్తున్నారు. రెండూ నిజమే.

కౌకా ప్రాంతంలోని నాస అనే ఆదివాసీ ప్రజలు 2001 ప్రాంతంలో ఈ కాపలా దళాన్ని ఒక పద్ధతిలోకి తెచ్చారు. వారి భాషలో దాని పేరుకు ‘నేలను కాచేవారు’ అన్న అర్థం వస్తుంది. ఒకసారి వారి సభకు వెళ్లినప్పుడు ఊరి మొదట్లో మమ్మల్ని ఆపినది పదిహేడేళ్లు కూడా దాటని ఒక అమ్మాయి, నా తాతగారి వయసున్న ఒక పెద్దాయన. చేతుల్లో మోచేతి పొడవుకు కాస్త ఎక్కువగా ఉన్న, నున్నగా చెక్కిన తాటిజాతి చెట్టు కర్ర, దానికి ఆకుపచ్చ, ఎర్ర రిబ్బన్లు. ఆ కర్రతో ఎవరినీ కొట్టరు. అది అధికార చిహ్నం, మన ఊళ్లలో పెద్దమనిషి చేతికర్రకు ఉండే మర్యాదలాంటిది దానికి ఉంది. మా పేర్లు అడిగి, సంచులు చూసి, ఎవరి ఇంటికి వెళుతున్నామో రాసుకుని పంపించారు. ఎవరినైనా సాయుధులు ఎత్తుకుపోయారని తెలిస్తే రేడియోలో కబురు వెళుతుంది, గంటలో వందలమంది కొండ చుట్టూ చేరి, మా మనిషిని మాకు ఇచ్చి వెళ్లండని నిలబడతారు. అలా ప్రాణాలతో తెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు. 2020లో వారికి ఫ్రంట్ లైన్ డిఫెండర్స్ సంస్థ పురస్కారం వచ్చింది.

మూల్యం సంగతి కూడా చెప్పాలి. 2019 అక్టోబరు 29న తాకుయెయో అనే చోట సాయుధులు ప్రయాణిస్తున్న వాహనాన్ని ఈ దళం ఆపబోయినప్పుడు కాల్పులు జరిగాయి. ఆదివాసీ పాలకురాలు క్రిస్తీనా బావుతిస్తా, ఆమెతో పాటు కాపలాదారులు నలుగురు చనిపోయారు. గుంపుగా ఉంటే చంపరన్నది ఎప్పుడూ నిలిచే లెక్క కాదు, చంపితే ఆ వార్త దేశమంతా మోగుతుందన్న భయం ఎదుటివాడికి ఉన్నంతవరకే నిలుస్తుంది.

ఈ సూత్రం మీదనే మరో పద్ధతి నడుస్తోంది. పీస్ బ్రిగేడ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1994 నుంచి కొలంబియాలో విదేశీ వాలంటీర్లను బెదిరింపులున్న కార్యకర్తల పక్కన నడిపిస్తోంది. వారి చేతుల్లో ఆయుధం ఉండదు. వీరి కళ్లెదుట ఏదైనా జరిగితే ఆ వార్త రాయబార కార్యాలయాల దాకా వెళుతుందన్నదే వారి బలం. 1997లో ఏ సాయుధ పక్షానికీ సాయం చేయబోమని ప్రకటించుకున్న సాన్ హోసె దె అపర్తదో శాంతి గ్రామానికి ఇలాంటి తోడు ఉండేది. అయినా 2005 ఫిబ్రవరిలో ఆ గ్రామ నాయకుడితో సహా 8 మందిని, వారిలో చిన్నపిల్లలను కూడా, సైనికులు, పారామిలటరీలు కలిసి చంపారు. తోడు నడిచేవారు ప్రతి పొలానికీ ప్రతి రోజూ వెళ్లలేరు కదా.

ప్రభుత్వం కూడా 2017, 2018 సంవత్సరాల్లో ఊరు మొత్తానికి కలిపి రక్షణ ఇచ్చే సామూహిక పద్ధతికి డిక్రీలు తెచ్చింది. కాగితం మీద అవి చాలా మంచివి. ఊరివారే కూర్చుని తమకు ఏమి కావాలో చెప్పవచ్చు, రేడియో సెట్లు, పడవ మోటార్లు, కాపలాదారులకు గుడిసె, ఏదైనా సరే. అమలు దగ్గరికి వచ్చేసరికి నిధులు వెనకబడ్డాయి. నన్నడిగితే మీ ప్రాజెక్టులో ఎక్కువ పేజీలు దీనికే కేటాయించండి, ఎందుకంటే అందరూ గన్‌మెన్ గురించే రాస్తారు.

జవాబు: మెహరున్నీసా

నేను మహిళా సంఘాలతో పనిచేస్తాను, కొలంబియా వెళ్లలేదు. కానీ ఈ చర్చలో ఇంతవరకు రాని ఒక విషయం ఉంది కనుక రాస్తున్నాను.

నాయకురాలు ఆడమనిషి అయినప్పుడు బెదిరింపు ఆమె పేరున రాదు, పిల్లల పేరున వస్తుంది. ‘నల్ల గద్దలు’ అనే సంతకంతో తలుపు కింద నుంచి తోసే కరపత్రాల్లో ఆమెను తిట్టే తిట్లు ఒక రకంగా ఉంటాయి, మగ నాయకుణ్ణి తిట్టేవి ఇంకొక రకంగా ఉంటాయి. ఇచ్చిన గన్‌మన్ ఆమె వెంట సమావేశానికి వెళితే, ఇంట్లో కూతురి వెంట బడికి ఎవరు వెళతారు? రాత్రింబవళ్లు ఇద్దరు మగవాళ్లు ఇంటి ముందు ఉంటే, ఇరుగుపొరుగు ఏమంటారో, వారికి అన్నం ఎవరు వండాలో కూడా ఆమె మీదే పడుతుంది. చివరికి ఊరు విడిచి వెళ్లమంటారు. వెళితే ప్రాణం దక్కుతుంది, కానీ ఆమె ఏ ఊరి కోసం నిలబడిందో ఆ ఊరు ఆమెకు దక్కదు, బెదిరించినవాడు కోరుకున్నదీ అదే. కనుక శ్రావణి గారూ, ఒక నాయకురాలిని ‘సురక్షిత ప్రాంతానికి తరలించారు’ అని ఎక్కడైనా చదివితే, దాన్ని విజయాల జాబితాలో వేసే ముందు ఆమె పని ఎవరు కొనసాగిస్తున్నారో వెతకండి.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇదే ఇంకో రూపంలో కనిపించింది. అందరూ ఇళ్లలోనే ఉండాలన్నారు, బెదిరింపు ఉన్నవారు ఏ వేళకు ఎక్కడ ఉంటారో చంపదలచినవారికి తేలికగా తెలిసిపోయింది. ఇంట్లో ఉన్నవారికి గన్‌మెన్ ఎందుకని కొందరికి రక్షణ తగ్గించారు కూడా.

జవాబు: రాఘవరావు, న్యాయవాది

మెహరున్నీసా గారు చాలా అవసరమైన మాట చెప్పారు. శ్రావణీ, ఒక పద్ధతి సూచిస్తాను. డిఫెన్సోరియా ముందస్తు హెచ్చరికలు జారీ చేస్తుంటుంది. ఫలానా మండలంలో ఫలానా వర్గాలకు ముప్పు ఉందని ముందే రాసి హోం శాఖకు పంపుతుంది, అవి బహిరంగంగా దొరుకుతాయి. 2018 ఫిబ్రవరిలో ఇచ్చిన ఇరవై ఆరో నంబరు హెచ్చరిక ప్రత్యేకంగా సామాజిక నాయకుల గురించే. అందులో పేర్కొన్న మండలాల్లో ఒకటి రెండు ఎంచుకో. హెచ్చరిక ఏ తేదీన వచ్చింది, దానికి ఏ శాఖ ఏమని బదులిచ్చింది, ఆ తరువాత అక్కడ ఏమి జరిగింది, ఈ మూడూ వరుసగా పెట్టి చూడు. స్పానిష్ దగ్గర ఇబ్బంది వస్తే వేణుగోపాల్ గారు సాయం చేస్తారనే అనుకుంటున్నాను.

జవాబు: వేణుగోపాల్

తప్పకుండా చేస్తాను. ఆ హెచ్చరిక పత్రాన్ని ముందుగా దిగుమతి చేసుకోండి శ్రావణి గారూ. కౌకా భాగంతో మొదలుపెడదాం, ఆ ఊళ్ల పేర్లు నాకు కొంత పరిచయమే.